పది కిలోమీటర్ల అవతలి ఊపిరి

2025 జూలై 11న కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖ ఒక నోటిఫికేషన్ జారీ చేసింది. బొగ్గుతో నడిచే థర్మల్ విద్యుత్ కేంద్రాలు తమ పొగగొట్టాల నుంచి వదిలే సల్ఫర్ డయాక్సైడ్‌ను ఎక్కడ తప్పనిసరిగా అదుపు చేయాలో, ఎక్కడ అక్కరలేదో అది తేల్చింది. దేశ రాజధాని ప్రాంతానికి గానీ, పది లక్షలు దాటిన జనాభా ఉన్న నగరానికి గానీ 10 కిలోమీటర్ల లోపు ఉన్న కేంద్రాలు మొదటి తరగతి. అవి 2027 చివరికల్లా ప్రమాణాలను పాటించాలి. తీవ్ర కాలుష్య ప్రాంతాలకు, గాలి ప్రమాణాలు అందుకోలేని నగరాలకు 10 కిలోమీటర్ల లోపు ఉన్నవి రెండో తరగతి. వాటి విషయాన్ని నిపుణుల సంఘం విడివిడిగా పరిశీలిస్తుంది. మిగిలినవన్నీ మూడో తరగతి. పొగగొట్టం నిర్దేశిత ఎత్తు ఉంటే చాలు, సల్ఫర్ ప్రమాణం వాటికి వర్తించదు. దేశంలోని థర్మల్ సామర్థ్యంలో దాదాపు 78 శాతం ఈ మూడో తరగతిలోకే వచ్చింది. మనలో చాలామంది దీన్ని కరెంటు చార్జీలకు సంబంధించిన వార్తగా చదివి పక్కన పెట్టాం. దీన్ని కుల ప్రశ్నగా చదవవలసి ఉందని నా వాదన. అందుకు నెల్లూరు తీరం కంటే స్పష్టమైన ఉదాహరణ నాకు కనబడలేదు.

ముత్తుకూరు మండలం నేలటూరు వద్ద 2,400 మెగావాట్ల శ్రీ దామోదరం సంజీవయ్య థర్మల్ విద్యుత్ కేంద్రం ఉంది. అది ప్రభుత్వ రంగానిది. 800 మెగావాట్ల మూడో యూనిట్‌ను 2022 అక్టోబరు 27న నాటి ముఖ్యమంత్రి జాతికి అంకితం చేశారు. దానికి దగ్గరలోనే పైనాపురం వద్ద 1,320 మెగావాట్లు, తోటపల్లి గూడూరు మండలం అనంతవరం వద్ద మరో 1,320 మెగావాట్ల ప్రైవేటు కేంద్రాలున్నాయి. ఇంకా దక్షిణాన చిల్లకూరు మండలం తమ్మినపట్నంలో 1,000 మెగావాట్లది ఒకటి, 600 మెగావాట్లది ఒకటి. 2022 జిల్లాల విభజనలో ఆ మండలం తిరుపతి జిల్లాలో పడింది గానీ గాలికి జిల్లా సరిహద్దు తెలియదు. వీటి మధ్యలో 2008 నుంచి నడుస్తున్న కృష్ణపట్నం ఓడరేవు. అన్నీ కలిపితే ఒక చిన్న తీరపు ముక్క మీద 6,600 మెగావాట్లకు పైగా స్థాపిత సామర్థ్యం. రాష్ట్రంలో ఇంత ఇరుకు జాగాలో ఇంత బొగ్గు మండే సామర్థ్యం గురించి మాట్లాడుకునేటప్పుడు ఆ జాగాలో ఎవరు నివసిస్తున్నారని అడగడం సహజమైన ప్రశ్న.

అక్కడ మాల, మాదిగ వాడలున్నాయి. బీసీ జాబితాలోని పట్టపు మత్స్యకారుల పాలేలున్నాయి. కాలువ గట్ల మీద, చెరువు కట్టల మీద, ఊరికి ఎడంగా యానాది సంఘాలున్నాయి. 2011 జనాభా లెక్కల ప్రకారం ఉమ్మడి రాష్ట్రంలో ఐదు లక్షలు దాటిన యానాదులకు నెల్లూరు జిల్లాయే ప్రధాన ఆవాసం. ఇతర కులాల రైతులూ ఉన్నారు, వారూ ఆ గాలినే పీలుస్తున్నారు. ఆ మాట దాచనవసరం లేదు.

జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం కింద ప్రమాణాలు అందుకోలేని నగరాల జాబితాలో నెల్లూరు నగరం ఉంది. అయితే నేలటూరు నెల్లూరుకు ఇరవై కిలోమీటర్లకు పైనే ఉంటుంది. నెల్లూరు జనాభా పది లక్షలు లేదు. అంటే దూరాన్ని కొలబద్దగా పెట్టినప్పుడు ముత్తుకూరు తీరం మొదటి గీతకూ అందదు, రెండో గీతకూ అందదు. నగరపు ఊపిరికి దూరంగా ఉండటమే ఆ కేంద్రాలకు రక్ష. మరి పొగగొట్టం నీడలోనే ఉన్న వాడ ఎంత దూరంలో ఉంది అనే ప్రశ్నను నోటిఫికేషన్ వేయలేదు. అది కొలిచిన దూరం నగరం నుంచి మాత్రమే.

దూరాన్ని బట్టి రక్షణను పంచే పద్ధతి మనకు కొత్తది కాదు. అంటరానివారి నివాసం ఊరికి వెలుపల, అశుభమని భావించిన దక్షిణ దిక్కున ఉండాలన్న నియమాన్ని అంబేద్కర్ గ్రామ కుల శాసనాల్లో ఒకటిగా నమోదు చేశారు. వెలివాడ అన్న మాటలోనే దూరం ఉంది. ఊరి మైల వాడకు చేరవచ్చు, వాడ గాలి ఊరికి సోకకూడదన్నది ఆ భూగోళ శాస్త్రం సారాంశం. నేటి నోటిఫికేషన్‌లో కులం పేరు లేదు, దాన్ని రాసిన అధికారుల మనసులో కులం ఉందని నేను అనడం లేదు. కాని కులం ఏ మనుషుల్ని ఎక్కడ నిలబెట్టిందో ఆ అమరికను యథాతథంగా స్వీకరించి, దాని మీద దూరపు గీత గీస్తే ఫలితం కులం గీసిన గీతకు దగ్గరగానే వస్తుంది. గాలికి కులం లేదన్న మాట నిజమే. పొగగొట్టం ఎక్కడ లేవాలి, కొలిచే యంత్రం ఎక్కడ పెట్టాలి, బూడిద ఎవరు ఎత్తాలి, ఎవరి దగ్గు ఆసుపత్రి రికార్డులోకి ఎక్కాలి అన్న నిర్ణయాలకు మాత్రం కులం ఉంది.

పరిశ్రమకు భూమి వెతికే అధికారికి తీరంలో మొదట కనిపించేవి ప్రభుత్వ పోరంబోకులు, బంజర్లు, అసైన్డ్ భూములు, సహకార ఉమ్మడి వ్యవసాయ సంఘాల పేర ఉన్న భూములు. కాగితం మీద ఇవి ఖాళీగానో, వివాదం తక్కువగానో ఉంటాయి. నేల మీద అవి దళితుల సాగు, యానాదుల పీతల వేట, పశువుల మేత. అసైన్డ్ భూమిని ప్రజా ప్రయోజనం పేర వెనక్కు తీసుకుంటే పట్టాదారుతో సమానంగా పరిహారం ఇవ్వాలని మేకల పాండు కేసులో 2004లో హైకోర్టు విస్తృత ధర్మాసనం చెప్పవలసి వచ్చిందంటే, అంతకుముందు ఏం జరుగుతుండేదో ఊహించుకోవచ్చు. పట్టా లేనివాడికి ఆ తీర్పు కూడా అక్కరకు రాదు. యానాదికి సాధారణంగా పట్టా ఉండదు. కృష్ణపట్నం చుట్టూ పరిహారం లెక్కల్లో ‘మత్స్యకార ప్యాకేజీ’, ‘మత్స్యకారేతర ప్యాకేజీ’ అని రెండు మాటలు ఏళ్ల తరబడి నలిగాయి. ఏట్లో వల వేసి బతికినా కుల ధ్రువపత్రంలో మత్స్యకారుడు కానివాడు ‘ఇతరుడు’ అయ్యాడు. నష్టాన్ని గుర్తించే పద్ధతిలోనే కులం కూర్చుని ఉందనడానికి ఇంతకంటే వేరే సాక్ష్యం అవసరం లేదు. ఈ రెండు ప్యాకేజీలూ ఉపాధికి సంబంధించినవే. ఊపిరికి ప్యాకేజీ అన్న ఊహే ఎవరికీ రాలేదు.

ఎత్తయిన పొగగొట్టం ఉంటే చాలునన్న మినహాయింపు తీరప్రాంతానికి ఎంతవరకు సరిపోతుందో విద్యార్థులు ప్రత్యేకంగా గమనించాలి. మన దేశంలో 500 మెగావాట్లు, అంతకు మించిన యూనిట్లకు 275 మీటర్ల పొగగొట్టం అన్నది చాలాకాలంగా ఉన్న నియమం. పొగ అంత ఎత్తున వదిలితే దూరంగా పోయి పలచబడుతుందన్నది దాని తర్కం. మైదానంలో అది చాలావరకు పనిచేస్తుంది. సముద్రపు ఒడ్డున వేరే సంగతి. పగటిపూట సముద్రం నుంచి వీచే చల్లని, నిలకడైన గాలిలో పొగ పెద్దగా చెదరకుండా లోపలికి ప్రయాణిస్తుంది. వేడెక్కిన నేల మీదికి వచ్చేసరికి కింది పొరలోని గాలి సుడులు తిరుగుతూ పైకి లేచి, ఆ పొగను ఒక్కసారిగా నేలకు లాగుతుంది. వాతావరణ శాస్త్రంలో ఇది బాగా తెలిసిన విషయం. తీరంలోని కేంద్రాల పొగ ఒడ్డునే కాక కొన్ని కిలోమీటర్ల లోపలి ఊళ్ల మీద గాఢంగా దిగే అవకాశం ఇలా ఏర్పడుతుంది. అది జరిగే వేళ పొలంలో నాట్లు వేస్తున్నదెవరు, రొయ్యల గుంట గట్టు మీద నిలబడినదెవరు? వ్యవసాయ కూలీ కుటుంబాలు ఎక్కువగా ఏ కులాలవో జనాభా లెక్కలు ఎప్పుడో చెప్పాయి.

ప్రభుత్వ వాదనను న్యాయంగా చెప్పాలి. మన బొగ్గులో గంధకం తక్కువ. కొలిచిన చోట్ల గాలిలో సల్ఫర్ డయాక్సైడ్ జాతీయ ప్రమాణమైన 80 మైక్రోగ్రాముల కంటే తక్కువగానే ఉంది. శుద్ధి యంత్రాలకు వేల కోట్లు కావాలి, యూనిట్‌కు పావలా పైచిలుకు భారం పడుతుంది. ఈ వాదనలో మూడు ఖాళీలున్నాయి. మొదటిది, సల్ఫర్ డయాక్సైడ్ వాయువుగానే మిగిలిపోదు. గాలిలో ప్రయాణిస్తూ సల్ఫేట్ కణాలుగా మారి, 2.5 మైక్రాన్ల కంటే సన్నని ధూళిలో కలుస్తుంది. వాయువును మాత్రమే కొలిచి అంతా బాగుందనడం, బియ్యాన్ని మాత్రమే తూచి అన్నం తక్కువ వండామనడం లాంటిది. రెండోది, తీరప్రాంత కేంద్రాలు దేశీయ బొగ్గుతో పాటు దిగుమతి బొగ్గునూ మండిస్తాయి. దేశీయ బొగ్గు సగటును ఆధారంగా తీసుకున్న వాదన ఇక్కడికి నేరుగా అతకదు. మూడోది అన్నిటికంటే ముఖ్యమైనది. ఈ ప్రమాణాలు 2015 డిసెంబరు 7న వచ్చాయి. 2017 కల్లా అమలు కావాలన్నారు. 2022కు జరిపారు, ఆపైన మళ్లీ మళ్లీ జరిపారు. చివరికి చాలామందికి తీసేశారు. పదేళ్ల వాయిదా తర్వాత వచ్చే మినహాయింపు శాస్త్ర నిర్ణయమా, అలవాటుకు రాజముద్రా అని సందేహించడం పౌరుడి హక్కు. పావలా భారం కరెంటు వాడే అందరి మీదా పడుతుంది కాబట్టి వద్దంటున్నారు. ఆ పావలాను ఇప్పుడు కొందరి ఊపిరితిత్తులు చెల్లిస్తున్నాయి.

పొగ తర్వాత బూడిద. 800 మెగావాట్ల యూనిట్ రోజంతా పూర్తి స్థాయిలో నడిస్తే 1.92 కోట్ల యూనిట్ల విద్యుత్తు వస్తుంది. దేశీయ బొగ్గు యూనిట్‌కు ముప్పాతిక కిలో లోపే పడుతుందనుకుని, కిలోలో మూడింట రెండు వంతులుగా లెక్కగట్టినా రోజుకు 12 వేల టన్నులు దాటుతుంది. అందులో మూడో వంతు బూడిద అనుకుంటే నాలుగు వేల టన్నులు. ఒక్క యూనిట్, ఒక్క రోజు. పొగగొట్టంలోకి వెళ్లే బూడిదలో 99 శాతానికి పైగా విద్యుత్ ఫిల్టర్లు పట్టుకుంటాయన్నది వాస్తవం. పట్టుకున్నది మాయమైపోదు. చెరువులోకి, సిమెంటు ఫ్యాక్టరీకి, ఇటుక బట్టీకి, రోడ్డు పనికి లారీల మీద పోతుంది. బూడిదను నూటికి నూరు శాతం వాడకంలోకి తేవాలని 2021 డిసెంబరు 31 నోటిఫికేషన్ చెబుతుంది. ఆ వాడకం ఎక్కించే చేతుల మీదుగా, దించే చేతుల మీదుగా జరుగుతుంది. కాంట్రాక్టు కింద కాంట్రాక్టు, దాని కింద మేస్త్రీ, మేస్త్రీ కింద రోజు కూలీ. భూమి పోయిన కుటుంబానికి ఉద్యోగం అన్న హామీ చాలాచోట్ల ఈ చివరి మెట్టు దగ్గర ఆగిపోతుంది. కంట్రోల్ రూములో ఎవరున్నారు, బూడిద దగ్గర ఎవరున్నారు అన్న లెక్కను కులం వారీగా ప్రకటించమని అడిగితే చాలు, పరిశ్రమ కులాన్ని కరిగిస్తుందన్న పాత నమ్మకం ఎంత నిజమో తేలిపోతుంది.

ఈ ధూళి ఒంట్లో చేసే పని గురించి వివాదం లేదు. 2.5 మైక్రాన్ల లోపు కణం ఊపిరితిత్తుల చివరి గదుల దాకా పోయి రక్తంలోకి చేరుతుంది. ఉబ్బసం, దీర్ఘకాలిక శ్వాస వ్యాధి మాత్రమే కాదు, గుండెపోటు, పక్షవాతం, తక్కువ బరువుతో పుట్టే బిడ్డలు దాని ఫలితాలు. బయటి గాలి కాలుష్యాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధనా విభాగం 2013లోనే క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది. ఏడాది సగటుగా 5 మైక్రోగ్రాములు మించరాదని ఆ సంస్థ 2021లో సూచించగా మన జాతీయ ప్రమాణం 40 దగ్గరే ఉంది. 2019లో దేశంలో 16.7 లక్షల మరణాలకు గాలి కాలుష్యం కారణమని లాన్సెట్ ప్లానెటరీ హెల్త్ పత్రికలో వచ్చిన అధ్యయనం లెక్కించింది. ఇది మొత్తం మరణాల్లో 17.8 శాతం.

ఈ సంఖ్యల్లో కులం కనబడదు. కనబడేలా లెక్కించిన అధ్యయనాలు తక్కువ. ఉత్తర, తూర్పు, మధ్య భారతంలోని తొమ్మిది రాష్ట్రాల ఆరోగ్య సర్వేను విశ్లేషించి 2022లో వెలువడిన ఒక పరిశోధన, సవర్ణ హిందువులతో పోలిస్తే ఆదివాసుల ఆయుర్దాయం నాలుగేళ్లకు పైగా, దళితులది మూడేళ్లకు పైగా తక్కువని తేల్చింది. ఆస్తి తేడాలు ఒక్కటే దీన్ని వివరించలేవని కూడా చెప్పింది. ఆంధ్రప్రదేశ్ ఆ తొమ్మిదిలో లేదు. అందువల్ల ఆ సంఖ్యను నెల్లూరుకు అతికించను. అది వేసిన ప్రశ్నను మాత్రం ఇక్కడికి తెచ్చుకోవాలి. ఎందుకంటే దెబ్బ ఒక్క దిక్కు నుంచి రాదు. తాటాకు గుడిసెలో కట్టెల పొయ్యి పొగ, పని చోట బూడిద, దారిలో లారీ ధూళి, పైనుంచి సల్ఫేట్ కణాలు. వీటికి తోడు రక్తహీనత, క్షయ. ఒకే మోతాదు ధూళి ఏసీ గదిలో ఉన్న శరీరం మీద, ఈ శరీరం మీద ఒకే ఫలితం చూపదు. తీరం నుంచి లోపలికి పోతే సైదాపురం మైకా, క్వార్ట్జ్ గనుల్లో, చిల్లకూరు, కోట మండలాల సిలికా ఇసుక పనుల్లో రాతి ధూళి బెడద అదనం. మన ఆరోగ్య బీమా పథకం పేరు మారింది గానీ, అది ఇప్పటికీ ప్రధానంగా ఆసుపత్రిలో చేరిన రోగి చుట్టూ కట్టిన పథకమే. పదిహేనేళ్లు దగ్గుతూ, పడకెక్కకుండా, కూలి పోగొట్టుకుంటూ బతికేవాడు దాని లెక్కలోకి రాడు.

లెక్క అన్న మాట దగ్గరే అసలు చిక్కు ఉంది. 2019లో మొదలైన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం 130 నగరాలకు పరిమితం. దాని పేరులో జాతి ఉంది, పటంలో పల్లె లేదు. పొగగొట్టంలో ఎంత పోతోందో కొలిచే యంత్రాలు కేంద్రాల లోపల ఉంటాయి, వాటి కొలతలు కాలుష్య నియంత్రణ మండలికి పోతాయి. వాడలోని పిల్ల ఎంత పీలుస్తోందో కొలిచే యంత్రం వాడలో ఉండదు. తరగతిలో కాలుష్యం పాఠం చెప్పేటప్పుడు ఢిల్లీ గాలి సంఖ్యను గంట గంటకూ ఫోనులో చూపించగలను. ముత్తుకూరు మండలంలోని ఒక యానాది సంఘం గాలి గురించి అదే విద్యార్థులకు చూపించడానికి నా దగ్గర సంఖ్య లేదు. కొలవనిదానికి ఆధారం ఉండదు. ఆధారం లేనిదానికి ఫిర్యాదు నిలవదు. ఫిర్యాదు నిలవని చోట అంతా ప్రమాణాల లోపే ఉందన్న నివేదిక నిలుస్తుంది. అజ్ఞానం ఇక్కడ ప్రమాదవశాత్తు ఏర్పడింది కాదు, ఏర్పాటు చేసింది.

ఇక ఆ కేంద్రం పేరు సంగతి. దామోదరం సంజీవయ్య దేశంలోనే తొలి దళిత ముఖ్యమంత్రి. కర్నూలు జిల్లా పెదపాడులో 1921లో పుట్టి, 1960 నుంచి 1962 వరకు ఆంధ్రప్రదేశ్‌ను పాలించారు. 1964లో కేంద్ర కార్మిక మంత్రి అయ్యారు. కార్మికులకు బోనస్‌ను చట్టబద్ధమైన హక్కుగా చేసిన 1965 చట్టం ఆయన హయాములోనే వచ్చింది. అలాంటివాడి పేరు పెట్టుకున్న ప్రభుత్వ కేంద్రం చుట్టూ దళిత వాడల గాలిని కొలవకపోవడం, బూడిద పనిచేసే కూలీల ఊపిరితిత్తుల్ని ఏటా పరీక్షించి వివరాలు బయటపెట్టకపోవడం ఆయన స్మృతికి ఏ రకమైన గౌరవం? పేర్లు పెట్టడంలో మన రాజకీయం ఉదారంగా ఉంటుంది. పేరుకు తగ్గ బాధ్యతను కూడా అడిగే చైతన్యం మన దగ్గర కొరవడింది.

ఆ లోపంలో రెండు ఉద్యమాలకు వాటా ఉంది. మన పర్యావరణ ఉద్యమం చాలాకాలం అడవి, నది, పులి భాషలో మాట్లాడింది గానీ వాడను పర్యావరణంగా చూడలేదు. పర్యావరణ ఆలోచనలోని ఈ కుల గుడ్డితనాన్ని ముకుల్ శర్మ తన ‘కాస్ట్ అండ్ నేచర్’ పుస్తకంలో వివరంగా చర్చించారు. దళిత ఉద్యమమేమో కారంచేడు నుంచి, చుండూరు నుంచి నేర్చుకున్నది కత్తికీ గొడ్డలికీ ఎదురు నిలవడం. ఆ హింసకు 1985 జూలై 17 అని, 1991 ఆగస్టు 6 అని తేదీలున్నాయి, నిందితులున్నారు, కేసులున్నాయి. ఊపిరితిత్తుల మీద మెల్లగా సాగే హింసకు తేదీ లేదు, నిందితుడు లేడు. సోంపేటలో 2010 జూలై 14న థర్మల్ కేంద్రాన్ని ఎదిరించి పోలీసు కాల్పుల్లో మరణించినవారిని మనం తలచుకుంటాం. కేంద్రం వచ్చేశాక దాని పక్కన నిశ్శబ్దంగా కుంగిపోయేవారిని తలచుకునే పద్ధతి మనకు లేదు. అమెరికాలో 1982లో నార్త్ కరొలినాలోని వారెన్ కౌంటీ నల్లజాతీయులు విషపూరిత మట్టి లారీలకు అడ్డంగా రోడ్డు మీద పడుకున్నారు. 1987లో ఒక చర్చి సంఘం దేశమంతటి విష వ్యర్థాల స్థలాలను జాతి వారీ జనాభాతో కలిపి లెక్కగట్టి నివేదిక ఇచ్చింది. జాతికీ చెత్తకుండీకీ ఉన్న సంబంధం అప్పుడు అంకెల్లో బయటపడింది. పర్యావరణ న్యాయం అన్న భావన అలా పుట్టింది. లెక్క వారికి ఆయుధమైంది.

ఆ లెక్క ఇక్కడ అసాధ్యం కాదు. వాయు చట్టం, 1981లోని 17వ సెక్షన్ ఉద్గార ప్రమాణాలు నిర్దేశించే అధికారం రాష్ట్ర మండలికి ఇచ్చింది. కేంద్రం మినహాయించినంత మాత్రాన రాష్ట్రం చేతులు కట్టేసుకోనవసరం లేదు. కనీసం తన సొంత కేంద్రంలో సల్ఫర్ శుద్ధిని రాష్ట్రం స్వయంగా అమలు చేయవచ్చు. ముత్తుకూరు, తోటపల్లి గూడూరు, చిల్లకూరు మండలాల్లోని ఎస్సీ, ఎస్టీ, మత్స్యకార ఆవాసాల్లో గాలి కొలిచే యంత్రాలు పెట్టి, అంకెలు తెలుగులో పంచాయతీ గోడ మీద రాయించడానికి పెద్ద ఖర్చు కాదు. నెల్లూరు ఏసీఎస్ఆర్ ప్రభుత్వ వైద్య కళాశాల చేత ఊపిరితిత్తుల సామర్థ్య పరీక్షలతో కూడిన సర్వే చేయించి, ఫలితాలను కులం వారీగా, వృత్తి వారీగా ప్రకటించాలి. సుప్రీంకోర్టు 1991లోనే సుభాష్ కుమార్ కేసులో కాలుష్యం లేని గాలి, నీరు జీవించే హక్కులో భాగమన్నది. 2024లో రంజిత్‌సిన్హ్ కేసులో వాతావరణ మార్పుల దుష్ఫలితాల నుంచి రక్షణను జీవించే హక్కుతో పాటు సమానత్వ హక్కుతోనూ ముడిపెట్టింది. ఆ రెండో ముడి మనకు కీలకం. గాలి ప్రశ్న 21వ అధికరణంతో ఆగదు, 14వ అధికరణం దాకా పోతుంది.

ఇదంతా ఇప్పుడే తేలాలి. కృష్ణపట్నం పారిశ్రామిక ప్రాంతానికి 2025 జనవరి 8న ప్రధానమంత్రి శంకుస్థాపన చేశారు. ఉత్తరాన రామాయపట్నం ఓడరేవు, దాని చెంత చమురు శుద్ధి కర్మాగారం ప్రతిపాదన ఉన్నాయి. ఉలవపాడు మండలం కరేడులో సౌర పరికరాల పరిశ్రమకు భూమి ఇవ్వబోమని 2025లో ప్రజలు రోడ్డెక్కారు. కావలి నుంచి గూడూరు దాకా తీరమంతా మారబోతోంది. పరిశ్రమ వద్దని వాడ అనడం లేదు. పిల్లలకు ఉద్యోగాలు కావాలనే అంటోంది. కట్టబోయే ప్రతి గొట్టానికీ ముందు దాని చుట్టూ ఉన్న వాడల గాలి, ఆరోగ్యం కొలిచి కాగితం మీద పెట్టాలని, ప్రజాభిప్రాయ సేకరణ మండల కేంద్రంలో షామియానా కింద కాక వాడలోనే జరపాలని అడగడం పరిశ్రమకు వ్యతిరేకం కాదు. దూరాన్ని నగరం నుంచి కొలిచే రాజ్యాన్ని, ఒక్కసారి వాడ నుంచి కొలవమని అడగడం అది. నెల్లూరు జిల్లా విద్యార్థి సంఘాలు, దళిత, ఆదివాసీ, మత్స్యకార సంఘాలు ఒకే వినతిపత్రం మీద కలవడానికి ఈ ఒక్క కోరిక చాలు.